అల్లుడి చేతికి సంచి

పోయిన వారం జ్వరం తగ్గి లేచిన పొద్దున అద్దంలో చూసుకుంటే పెదవి ఎడమ మూలన ఒక పొక్కు లేచి ఉంది. మంట, చిమచిమ. ఇంకెవరికైనా విసుగు పుడుతుంది. నాకు నవ్వొచ్చింది. "వచ్చినావా అల్లుడా, దా" అన్నాను అద్దంలోకి చూస్తూ. గుమ్మంలో నిలబడ్డ మా ఆయన, జ్వరం ఇంకా దిగలేదనుకుని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

ఆ పిలుపు నాది కాదు, మా మేడంది. మేడం పోయి ఏడాది కావస్తోంది. అనంతపురంలో మా విశ్వవిద్యాలయం వెనకవైపు, ఎండకు రంగు వెలిసిన ఒక భవనంలో ఆమె బతుకంతా హెర్పిస్ వైరస్‌ల మీద పనిచేశారు. ఆమె దగ్గర పరిశోధన చేసిన తొలి విద్యార్థినిని నేను. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే "పేరేంటికి పాపా, పని రాయి" అని పైనుంచే కసురుతారు.

హెర్పిస్ అంటే ఒక్క వైరస్ కాదు, పెద్ద కుటుంబం. జ్వరం వచ్చిపోయాక పెదవి మీద లేచే పొక్కు, చిన్నప్పుడు ఒళ్ళంతా పోసే ఆటలమ్మ, పెద్దయ్యాక నడుం చుట్టూ నిప్పు కాల్చినట్టు మండే అక్కి, ఇవన్నీ ఆ ఇంటివాళ్ళ పనే. అందరిదీ ఒకటే గుణం. ఒకసారి ఒంట్లో అడుగు పెట్టారంటే మళ్ళీ పోరు. ఎక్కడో ఒక మూల దూరి చప్పుడు చెయ్యకుండా పడుకుంటారు. పెదవి పొక్కు వాడికీ, అక్కి వాడికీ అయితే నరాలే పడకగది. మనకు జ్వరమో, ఎండదెబ్బో, దిగులో తగిలినప్పుడు లేచి బయటికొస్తారు.

ఈ సంగతిని మేడం చెప్పే తీరు వేరు. ఒకసారి ఆడపిల్లల కాలేజీకి ఉపన్యాసానికి పిలిచారు. చూపించాల్సిన బొమ్మలు కరెంటు లేక తెర మీదికి రాలేదు. మేడం కొంగు దోపుకుని ముందుకొచ్చారు.

"బొమ్మలేంటికి? మీకందరికీ తెలిసినోడే. అల్లుడు! లోపలి గదిలో సుమ్నే పండుకోని ఉంటాడు. ఉండాడా లేడా అనేదే తెలీదు. ఇంట్లో ఏదన్నా కష్టమొచ్చిందనుకోండి, అప్పుడు లేచొచ్చి అలుగుతాడు. పొమ్మంటే పోడు."

పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు. నవ్వు ఆగేదాకా ఉండి, మేడం గొంతు కాస్త తగ్గించారు.

"ఎట్లాగూ పోడు కదా. వాకిలి తట్టకుండా ఏ గదిలోకైనా పోయే చనువు వానికుండాది కదా. అట్లాంటోన్ని తిట్టుకుంటా కూర్చుంటే ఏమొస్తాది మనకు? వాని చెడ్డ గుణాలు కత్తిరించి పారేసి, చేతికి సంచి ఇచ్చి పంపల్ల. ఆ గదిలో లేని సరుకేదో వాడే మోసుకోనిపోయి పెట్టొస్తాడు. మిగతా వైరస్‌లు మోసేది చేతిరుమాలు మూట. మనోడు శెనక్కాయల గోతాం మోస్తాడు."

జన్యుచికిత్స అంటే అంతే. ఒంట్లోని కణాలకు పుట్టుకతోనే కొరవడిన జన్యువును, పళ్ళు పీకేసిన వైరస్ చేత మోయించి పంపడం. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను గానీ దీనికంటే బాగా చెప్పడం నాకు ఇంతవరకూ చేతకాలేదు. మేడం పెళ్ళి చేసుకోలేదు. ఆ సంగతి ఎవరైనా కదిపితే "కూతురు లేకపోతేనేమప్పా, అల్లుడుండాడు కదా నాకు" అనేసేవారు. అడిగినవాళ్ళు నవ్వాలో జాలిపడాలో తెలియక టీ తాగి వెళ్ళిపోయేవారు.

నేను ఆమె దగ్గర చేరిన రోజు చెప్పాలి. కణం గురించి పుస్తకంలో ఉన్నదంతా బట్టీపట్టి వెళ్ళాను. ఆమె ప్రయోగశాల బయట, కానుగచెట్టు కింద రాతి బండ మీద కూర్చుని, ఒళ్ళో శెనక్కాయలు పోసుకుని ఒలుచుకుంటున్నారు.

"యా ఊరు పాపా?"

"ఊరి పేరే యాడికి మేడం."

"పెదవి మీద పొక్కు లేచిందా ఎప్పుడన్నా?"

"లేస్తాది మేడం. పరీక్షలొస్తే సాలు."

"అయితే వాడు నీకు చిన్నప్పట్నుంచీ తెలుసన్నమాట. రేప్పొద్దున్నుంచి రా."

పిడికెడు శెనక్కాయలు నా చేతిలో పోశారు. అదే నా ఇంటర్వ్యూ, అదే నియామకం. బట్టీపట్టినదంతా వృథా అయిందని ఆ రోజు బస్సులో కొంచెం బాధపడ్డాను కూడా.

ప్రయోగశాల లోపల ఒక్క గింజ నోట్లో వేసుకోనిచ్చేవారు కాదు. బయట కానుగచెట్టు కింద మాత్రం ఆమె కొంగులో ఎప్పుడూ కాయలుండేవి. అవి ఊరికే దొరికేవి కావు. తనకు జవాబు తెలియని ప్రశ్న అడిగినవాళ్ళకే పెట్టేవారు. జవాబు చెప్పగలిగితే చెప్పేసి కాయలు తానే తినేవారు. చెప్పలేకపోతే మొహం వెలిగిపోయి, కొంగంతా మన ముందు దులిపేసేవారు. తెలియదని ఒప్పుకోవడానికి అంత సంబరపడే పండితులను నేను మళ్ళీ చూడలేదు.

కణాలను పెంచే పెట్టె ఎప్పుడూ మనిషి ఒంటి వేడిలో ఉండాలి. చలిదేశాల్లో దాన్ని వెచ్చగా ఉంచడానికి తంటాలు పడతారట. మా ఊళ్ళో ఎండలు ముదిరాయంటే గదిలో గాలే మా కణాల కంటే వేడి. కరెంటు పోతే అవి చల్లారవు, ఉడుకుతాయి. అందుకని మేడం కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టించేవారు. కొంగు నడుముకు చెక్కి, విసనకర్ర పుచ్చుకుని ఆ పెట్టెకు విసురుతూ నిలబడేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన సరిగ్గా ఆ సమయానికే లోపలికి వచ్చి, ఏం చేస్తున్నారమ్మా అని అడిగాడు.

"బాలింతకు విసురుతాండా సార్. లోపల పిల్లలు పుడతాండారు, కొంచెం పక్కకు జరగండి."

ఆయన నిజంగానే పక్కకు జరిగాడు.

ధర్మవరంలో పట్టుమగ్గాల ఇల్లు మేడం వాళ్ళది. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే మెలేసి అతుకుతారు, అచ్చు అతకడం అంటారు దాన్ని. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, చూపు పక్కకు తిప్పకుండా చేసే పని. చిన్నప్పుడు ఆ పని చేసిన వేళ్ళే తర్వాత వైరస్ జన్యువులను ఒకచోట తుంచి ఇంకొక జన్యువును అతికే పని చేశాయి. మేము ఆ అతుకు కుదరక నెలల తరబడి ఏడుస్తుంటే, "అచ్చు అతకడమే కదా పాపా ఇది. తొందరపడితే పోగు తెగుతాది. ఊపిరి పీల్చుకో, మళ్ళ అతుకు" అని మా వెనక నిలబడేవారు.

ఆ ఇంటి గుణమే ఇంకొకటి ఉండేది. ప్రయోగం ఫలితం తేలే రోజు మేడం పట్టుచీర కట్టుకొచ్చేవారు. వాళ్ళ నాయన నేసిన వంకాయరంగు చీర, జరీ అంచు. దాని మీద తెల్లకోటు. చీర చూస్తే చాలు, ఆ రోజేదో తేలబోతోందని భవనమంతా తెలిసిపోయేది. అటెండరు గేటు దగ్గరే "ఏం మేడం, ఈపొద్దు రిజల్టా?" అని అడిగేవాడు. ఫలితం వచ్చిందా సరే. రాలేదంటే సాయంత్రం మమ్మల్నందరినీ బజారుకు తీసుకుపోయి బజ్జీలు తినిపించేవారు. "చీర కట్టినందుకు నలుగురూ చూడనన్నా చూడల్ల కదా" అనేది వాదన. ఎన్నో సాయంత్రాలు మేము ఆ చీర వెనక నడిచి బజ్జీలు తిన్నాం. పరిశోధన అంటే ఎక్కువ భాగం బజ్జీలే అని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ బజారులో ఆమెతో నడవడం మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే పని. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసే అలవాటే లేదు. చెయ్యి ఒకటి పైకెత్తి, లారీలొస్తున్నా బస్సులొస్తున్నా మేకల మంద దిగినట్టు దిగిపోయేవారు. డ్రైవర్లు బ్రేకులు తొక్కి తిట్టేవారు. మేము ఈ ఒడ్డునే నిలబడి వణుకుతుంటే, అవతల నుంచి కేకేసేవారు. "నిలబడితే పొద్దుగూకుతాది పాపా! నడిస్తే వాళ్ళే ఆగుతారు, రాండి!"

ఇక లేపాక్షి సంగతి. వైరస్ నిద్రలోంచి లేవకుండా కత్తిరించడం మొదటిసారి కుదిరినప్పుడు, అది పత్రికలో అచ్చయ్యేదాకా ఎవరితోనూ అనకూడదని మేడం మాకు ఒట్టు పెట్టించారు. మరునాడు ఆమె కడుపులోనే అది నిలవలేదు. జీపు మాట్లాడి మమ్మల్ని లేపాక్షి తీసుకుపోయారు. ఆ పెద్ద రాతి నంది ఎదుట, ఫోటోలు దిగుతున్న జనం మధ్యన చేతులు కట్టుకుని నిలబడి, మొదటి నుంచి చివరి దాకా ప్రయోగమంతా ఆయనకు విన్నవించారు. ఎవరో యాత్రికుడు స్తోత్రం అనుకుని పక్కనే కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"ఈయనకు చెప్తే ఏమవుతాది మేడం?" అని అడిగాను.

"ఎవురికన్నా చెప్పకుంటే నిద్ర రాదు. ఈయనైతే యాడా చెప్పడు."

అప్పట్నుంచి ఏ మంచి ఫలితమైనా ముందు నందికే తెలిసేది.

వీటన్నిటికంటే పెద్ద నవ్వు మేడంకే అక్కి వచ్చినప్పుడు. జీవితమంతా ఆ కుటుంబం గుట్లు తవ్విన మనిషికి, వీపు నుంచి పక్కటెముకల మీదుగా ఎర్రటి పట్టీ లేచింది. డాక్టరు దగ్గరికి మేమే తీసుకుపోయాం. మాత్రలు వేళ తప్పకుండా వేసుకున్నారు. నొప్పికి పళ్ళు బిగబట్టుకుని కూడా "అలిగినాడప్పా, వాని మీద పుస్తకాలు రాసినానని" అంటూనే ఉన్నారు. రెండో రోజు ధర్మవరం నుంచి వాళ్ళమ్మ దిగింది, వెంట అక్కి రాసే ముసలాయనను పెట్టుకుని.

మా వైపు అక్కి వస్తే రాయిస్తారు. జాజు, అంటే గోడలకు పూసే ఎర్రమన్ను, నీళ్ళలో అరగదీసి, దాంతో పొక్కుల పట్టీ పక్కన సింహం బొమ్మ గీస్తారు. సింహాన్ని చూసి అక్కి అక్కడే ఆగుతుందని నమ్మకం. మేము పరిశోధక విద్యార్థులం గదా, లోకంలో శాస్త్రమంతా మా భుజాల మీదే ఉందనుకునే వయసు. మేడం ఏమంటారోనని తలుపు దగ్గర నిలబడి చూశాం. పొక్కుల మీద మట్టి పడకూడదు, దూరంగా గియ్యమని మాత్రం చెప్పి, బుద్ధిగా పక్కకు తిరిగి పడుకున్నారు.

"మేడం, మీరు కూడానా?" అన్నాను, ముసలాయన వెళ్ళాక.

"మాత్ర అల్లునికి. సింహం మాయమ్మకు. మాయమ్మ రాత్రంతా ఏడుస్తా కూర్చుంటే నాకు తగ్గుతాదా పాపా?"

ఆ సింహం సంగతి తర్వాత అక్కరకొచ్చింది. అదే ఇప్పుడు చెప్పబోయేది.

నల్లమాడ దగ్గర ఒక పల్లెలో భార్గవి అనే పిల్ల ఉండేది. అప్పటికి ఎనిమిదేళ్ళు. పై చర్మాన్ని లోపలి చర్మంతో కలిపి కుట్టినట్టు పట్టుకునే పదార్థం ఒకటి మన ఒంట్లో తయారవుతుంది. దాన్ని తయారుచేసే జన్యువు ఆ పిల్లకు పుట్టుకతోనే చెడిపోయి ఉంది. అందుకని గట్టిగా ముట్టుకుంటే చాలు, చర్మం పొక్కి ఊడొచ్చేది. ఎత్తుకోవాలంటే మెత్తటి పాతచీర మడత మీద పెట్టి ఎత్తుకోవాలి. పుండ్లు మానీ మానకా, ఎడమచేతి వేళ్ళు అప్పటికే ఒకదానికొకటి అతుక్కుని పిడికిలై పోయాయి. కుడి అరచేతిలో పెద్ద పుండు. అదీ మానకపోతే ఆ చెయ్యీ ముడుచుకుపోతుంది. ఆ పిల్ల అన్నం తినేదీ, బొమ్మలు గీసేదీ ఆ చేత్తోనే.

ఆ కొరవడిన జన్యువును హెర్పిస్ వైరస్ చేత మోయించి, పుండు మీద పూతమందులా పూసే వైద్యం వచ్చింది. బెంగుళూరులో ఒక ఆసుపత్రి వాళ్ళు దాన్ని పరీక్షిస్తూ, భార్గవిని చేర్చుకుంటామన్నారు. ఆ మందు వెనక ఎన్నో దేశాల వాళ్ళ పని ఉంది. "అందరూ కలిసి వండిన కూరలో నేనేసింది ఉప్పు" అనేవారు మేడం. అయినా ఆ పిల్లను అడగడానికి తానే వస్తానన్నారు. నేనూ వెళ్ళాను. ఆసుపత్రి నుంచి వచ్చిన కుర్ర డాక్టరు దారిలో జీపులో మెల్లగా అన్నాడు, "మేడం, హెర్పిస్ అదీ ఇదీ ఇప్పుడే చెప్పొద్దు. భయపడతారు. తర్వాత మెల్లగా చెప్దాం."

"భయపడాల్సింటే వాళ్ళు భయపడనీ అప్పా. బిడ్డ వాళ్ళది" అని మేడం కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

రేకుల ఇంటి ముందు పందిరి కింద, మడతపెట్టిన చీర మీద కూర్చుని ఉంది భార్గవి. పలక ఒళ్ళో ఉంది. మమ్మల్ని చూడగానే "నన్ను ముట్టుకోవద్దండి, ఊడొస్తా" అని హెచ్చరించి, మా మొహాలు చూసి కిసుక్కున నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు. కూలి పనికి పోకుండా మా కోసం ఆగిన మనిషి.

"ఆ మందులో ఏముంటాది మేడమ్మా?" అని నేరుగా అడిగింది.

డాక్టరు నోరు తెరవబోయాడు. మేడం ముందే చెప్పేశారు. "పురుగుంటాది. కంటికి కనబడని పురుగు. అక్కి తెలుసు కదా, దాని పాలోళ్ళ ఇంటిది."

ఆమె మొహం ఒక్కసారిగా మారిపోయింది. "అక్కి పురుగా? మా నాయన దాంతోనే అరిసి అరిసి మంచం పట్టినాడు. దాన్ని తెచ్చి నా బిడ్డకు పూస్తారా? ఒద్దు. పోయి రాండమ్మా."

డాక్టరు మేడం వైపు చూసిన చూపు నేను చూశాను. అంతదూరం వచ్చింది ఒక్క మాటతో అయిపోయింది. నాకు ఆ పలక పట్టుకున్న కుడిచెయ్యే కనబడుతోంది. ఏదైనా చెప్పండి మేడం అని నా మనసు గోల పెడుతోంది. మేడం మాత్రం బతిమాలలేదు. అల్లుడి కథ మొదలుపెట్టారు. లోపలి గదిలో పడుకునేది, అలిగేది, పళ్ళు పీకేసింది, సంచి ఇచ్చింది, అంతా. మధ్యలో "నాకూ వచ్చిందిలే అక్కి. సింహం రాయించుకున్నా" అన్నారు.

"మీరా? ఇంత సదువుకోని?"

"మాయమ్మ ఇంటాదా?"

అప్పుడు నవ్వింది భార్గవి వాళ్ళమ్మ. నవ్వి, చాలాసేపు కూతురి వైపు చూసింది. "ఎనిమిదేండ్లాయ మేడమ్మా. దీని చెయ్యి పట్టుకోని నేను రోడ్డు దాటలా. అందరి బిడ్డల మాదిరి చెయ్యి పట్టుకోని నడిపించుకోని పోవల్లని..." అని ఆగిపోయింది. తర్వాత ఖచ్చితంగా చెప్పేసింది. "సరే. అయితే ముందు దీనికి సింహం రాయల్ల. ఆ పైన మీ మందు."

లేచి పోయి అక్కి రాసే తాతను పిలుచుకునే వచ్చింది. ఆయన చిప్పలో జాజు కలుపుకుంటున్నాడు. డాక్టరు గాభరాపడ్డాడు. ఆ చర్మం మీద మన్ను పడితే పుండు చీము పడుతుంది, అసలు రాస్తేనే ఊడొస్తుంది. కుదరదంటే కుదరదన్నాడు. సింహం లేకపోతే మందూ వద్దని తల్లి. ఇద్దరూ సరిగ్గానే మాట్లాడుతున్నారు, అదే చిక్కు. మేడం ఉన్నట్టుండి చెయ్యి చాపి, గాజులు పైకి తోసుకున్నారు.

"ఇప్పుడు పురుగు యాడుండాది? నా దగ్గర, నా పెట్టెలో. బిడ్డ దగ్గరికి ఇంకా పోనేలేదు. కాపలా పెట్టేదేదో ఈడ్నే పెట్టండి. సింహం నాకు రాయి తాతా."

తాత చిప్ప కింద పెట్టి ఆలోచించాడు. "అదీ నిజమే. అక్కి ఎవురి కాడుంటే వాళ్ళకే కదా రాసేది" అన్నాడు తల్లితో. ఆమె మేడం చెయ్యినీ, మొహాన్నీ మార్చి మార్చి చూసి, తల ఊపింది.

"నేను రాస్తా!" అని అరిచింది భార్గవి. "తాత కంటే నాకే బాగా వస్తాది బొమ్మలు."

డాక్టరు భార్గవి కుడిచేతి కట్టు మీద ఇంకొక శుభ్రమైన గుడ్డ చుట్టాడు. మెత్తటి వత్తి ఒకటి జాజులో ముంచి ఇచ్చాం. మేడం నేల మీద చతికిలబడి, చెయ్యి పిల్ల ముందు పెట్టారు. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఆ పిల్ల గీసింది. తనను ఎవరూ ముట్టుకోని పిల్ల, అంతసేపు ఒక మనిషి చెయ్యి మీద పనిచేసింది. మేడం కదల్లేదు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

"పిల్లి మాదిరి ఉండాదే" అన్నాడు తాత.

"జూలుండాది, సూడు తాతా. సింహమే." ఇంకా గీస్తూనే ఉంది. సింహం మెడలో ఏదో చతురస్రం వేలాడుతోంది. అదేమిటని అడిగితే, మా తెలివికి జాలిపడ్డట్టు చూసింది. "సంచి. మీరే కదా సంచి ఇచ్చి పంపల్లన్యారు."

ఆ బొమ్మను మేడం కడగలేదు. మరునాడు బెంగుళూరు ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ల సమావేశం. వంకాయరంగు పట్టుచీర, ముంజేతి మీద ఎర్రటి పిల్లిలాంటి సింహం, దాని మెడలో సంచి. టీ దగ్గర ఎవరో మర్యాదగా అది ఏమిటని అడిగితే "కాపలా మనిషి" అని చెప్పి బిస్కట్టు ముంచుకున్నారు.

మందు పూయడం నెలల తరబడి సాగింది. తల్లీ కూతుళ్ళు బెంగుళూరు పోయిరావడం, కట్టు మార్చడం, మళ్ళీ పూయడం. ఒక్కో వారం పుండు చిన్నదయ్యేది, ఒక్కో వారం మళ్ళీ పొక్కేది. మేడం ఆ రోజుల్లో కానుగచెట్టు కింద కూర్చునేవారు గానీ కాయలు ఒలిచేవారు కాదు, ఫోను చూసుకుంటూ ఉండేవారు. చివరికి అరచేయి మూసుకుంది. లేత గులాబీరంగు చర్మం వచ్చి నిలబడింది. జబ్బు పోలేదు. పాదాలు ఇంకా పొక్కుతూనే ఉన్నాయి, మందు ఇంకా పూస్తూనే ఉండాలి. కానీ ఆ చెయ్యి మాత్రం దక్కింది. ఫోటో రాగానే మేడం లేపాక్షి పోదాం పా అన్నారు. జీపు ఎక్కాక మనసు మార్చుకుని, "నందికి తర్వాత చెప్పుకోవచ్చు, కదిరికి పోనీ అప్పా" అన్నారు డ్రైవరుతో. ఆ రోజు తల్లీ కూతుళ్ళు బెంగుళూరు నుంచి వచ్చి కదిరిలో బస్సు దిగుతున్నారు.

బస్టాండు ఎదుట, రద్దీ రోడ్డు. తల్లి మొదట వేలితో తాకి చూసింది. తర్వాత కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. దాటింది. అవతల సోడాబండి దాకా పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఇటు దాటింది. ఏం పనీ లేదు ఇటువైపు. మళ్ళీ అటు పోయింది. ఆటోవాళ్ళు హారన్లు కొడుతున్నారు, ఆమె వినిపించుకోవడం లేదు, భార్గవి ఎగిరి ఎగిరి నవ్వుతోంది. "ఏమక్కా, ఏమన్నా పోగొట్టుకున్యావా?" అని ఒక కండక్టరు అరిచాడు. నవ్వీ నవ్వీ నాకు పక్కలు నొప్పెట్టాయి.

చివరికి వాళ్ళు మా వైపు ఆగారు. "ఇప్పుడు మీరు" అని భార్గవి కుడిచెయ్యి మేడంకు అందించింది. మేడం కొంగుతో తన చేతులు రెండుసార్లు తుడుచుకుని, ఆ చెయ్యి పట్టుకున్నారు.

"గట్టిగా పట్టుకో మేడమ్మా, ఏం కాదు."

పట్టుకుని రోడ్డు అంచున నిలబడ్డారు. లారీ పోయింది. ఆటోలు పోయాయి. రోడ్డు ఖాళీ అయింది. బతుకంతా చెయ్యెత్తి లారీలకు అడ్డంగా నడిచిపోయిన మనిషి, ఖాళీ రోడ్డు ముందు కదలకుండా నిలబడిపోయారు.

"పా మేడమ్మా, ఏం బండ్లూ రావటంలేదు కదా."

"ఉండు పాపా. ఆ బస్సు పోనీ."

నేను అటు చూశాను, ఇటు చూశాను. ఏ బస్సూ రావడం లేదు.